కుందేటి కొమ్ము – కారల్లము: ఒక తెలుగు మాట లోకయాత్ర



లేని వస్తువుకు ఉదాహరణ చెప్పవలసి వచ్చినప్పుడల్లా మన తార్కికులు మూడు మాటలు వరుసగా నిలబెడతారు: గగనకుసుమం, వంధ్యాపుత్రుడు, శశవిషాణం. ఆకాశంలో పువ్వు, గొడ్రాలి కొడుకు, కుందేటి కొమ్ము. భర్తృహరి నీతిశతకంలో కూడా ఈ కొమ్ము ప్రసక్తి ఉన్నది. ఏనుగు లక్ష్మణకవి దానిని తెలిగించిన పద్యం మనలో చాలామందికి బడినాటి నుండి కంఠస్థమే.

తార్కికులు లేదని తీర్మానించిన ఆ కుందేటి కొమ్మును మన మెట్టప్రాంతపు పల్లెజనం నిక్షేపంగా పచ్చడి చేసుకుని తిన్నారు! రాళ్ళ గుట్టల మీద, ముళ్ళపొదల నీడన మొలిచే ఒక చిన్న రసభరితమైన మొక్కకు వారు పెట్టిన పేరు 'కుందేటి కొమ్ములు'. అదే మొక్కకు మరొక తెలుగు పేరు కూడా ఉండేది. ఆ రెండవ పేరు మనం మరచినాము గాని, లోకం మరువలేదు. లండను మొదలు కేప్‌టౌను వరకు వృక్షశాస్త్రజ్ఞులు రెండు వందల ఏండ్లకు పైగా ఆ మాటనే పలుకుతున్నారు. ఆ మాట చరిత్రే ఈ టపా.

ముందు మొక్కను పరిచయం చేస్తాను. దీనికి ఆకులు ఉండవని చెప్పినా తప్పులేదు. ఉన్నా, లేతకొన మీద చిన్న పొలుసులవలె కనబడి రాలిపోతాయి. కాండమే సర్వస్వం. నాలుగు పలకలుగా, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, అడుగు రెండడుగుల ఎత్తున నిలువుగా లేస్తుంది. పైకి పోను పోను సన్నబడుతుంది. ఆ సన్నని కొనల దగ్గర చిన్న పువ్వులు పూస్తాయి. ఊదారంగు, గీతలు, అంచున సన్నని నూగు. ఈ కుటుంబంలో చాలా పువ్వులకు కుళ్ళిన మాంసపు వాసన; తుమ్మెదలు కాదు, ఈగలే వీటికి అతిథులు. పువ్వు రాలిన తరువాత జంటగా రెండు సన్నని కాయలు కొమ్ములవలె నిక్కి నిలుస్తాయి. కుందేటి కొమ్ము అన్న పేరు ఎంత సొగసుగా అమరినదో ఆ కాయలను చూస్తే తెలుస్తుంది. కాయ పగిలితే గింజలు పట్టుకుచ్చులు కట్టుకుని గాలిలో తేలిపోతాయి, అచ్చం జిల్లేడు గింజలవలె. ఇది జిల్లేడుకు చుట్టమే. కాని జిల్లేడుకు ఉన్న తెల్లని పాలు దీనికి లేవు.

ఎండకు బ్రతికే విద్య కూడా దీనికి తెలుసు. తక్కిన మొక్కలు పగటిపూట తమ సూక్ష్మరంధ్రాలు తెరచి బొగ్గుపులుసు గాలిని పీల్చుకుంటాయి. ఇటువంటి ఎడారి మొక్కలు పగలు వాకిళ్ళు మూసుకుని, చల్లబడిన రాత్రివేళ తెరుస్తాయి. అప్పుడు పీల్చిన గాలిని ఆమ్లరూపంలో దాచుకుని, తెల్లవారిన తరువాత సూర్యరశ్మితో ఆహారంగా మార్చుకుంటాయి. నీటిబొట్టు వృథా కాకుండా కాపురం నడిపే గృహిణి పొదుపు అది.

ఇక చరిత్ర.

1776లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కుంపిణీ కొలువులో మద్రాసుకు వచ్చినాడు. 1781 నుండి ఆయన మకాం మన సామర్లకోట. అక్కడ ఆయన కుంపిణీ కోసం తోట వేసినాడు, మిరియాలు పెంచినాడు, వానలెక్కలు వ్రాసినాడు. అన్నిటికంటె మిన్నగా, చుట్టుపట్ల కనబడిన ప్రతి మొక్కను పరిశీలించి వర్ణించినాడు. అప్పటికే ఈ తీరంలో ఆ విద్యకు పునాది పడి ఉన్నది. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ ఈ ప్రాంతాలలో తిరిగి, 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో కన్నుమూసినాడు. తరువాత పాట్రిక్ రస్సెల్, ఆయన అనంతరం రాక్స్‌బర్గ్ మద్రాసు పక్షాన కుంపిణీ వృక్షశాస్త్రజ్ఞులైనారు. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళినాడు.

సామర్లకోటలో ఆయన పనితీరు గమనింపదగినది. మన చిత్రకారులను కూర్చోబెట్టి మొక్కను రంగులలో వ్రాయించేవాడు. తాను వర్ణన వ్రాసేవాడు. ఆ వర్ణనలలో చాలావాటికి తెలుగువారి పేరు కూడా చేర్చేవాడు. మనలను ఆయన 'తెలింగులు' అన్నాడు. ఆ చిత్రాలు, వర్ణనలు లండనుకు చేరినవి. సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో కుంపిణీ డైరెక్టర్ల ఆజ్ఞ మీద, 1795 నుండి మూడు పెద్ద సంపుటాలుగా, 300 పటాలతో 'కోరమాండల్ తీరపు మొక్కలు' అన్న అర్థం వచ్చే పేరుతో గ్రంథమై వెలువడినవి.

ఆ మొదటి సంపుటంలోనే మన కుందేటి కొమ్ము ఉన్నది. రాక్స్‌బర్గ్ దీనికి 'స్టపీలియా అడ్‌సెండెన్స్' అని పేరు పెట్టినాడు. స్టపీలియా అన్నది దక్షిణాఫ్రికా రసభరిత మొక్కల కోసం, స్టపెల్ అనే డచ్చి వైద్యుని జ్ఞాపకార్థం లిన్నేయస్ ఏర్పరచిన ప్రజాతి. అడ్‌సెండెన్స్ అంటే పైకి లేచునది. అంటే ఇంటిపేరు డచ్చివారిది, సొంతపేరు లాటిను. వర్ణనలో మాత్రం తెలుగు పేరు భద్రంగా నిలిచినది: 'కార్-అల్లం'.

ఈ మాటను ఒక్క క్షణం మన వ్యాకరణపు బల్ల మీద పెట్టి చూద్దాం. కారు + అల్లము = కారల్లము. ఉత్వసంధి. 'కారు' అనగా నలుపు అన్నది అందరికీ తెలిసిన అర్థం: కారుమబ్బు, కారుచీకటి. కాని దానికి అడవికి చెందినది, మచ్చికకానిది అన్న అర్థచ్ఛాయ కూడా ఉన్నది: కారెనుము అంటే అడవిబఱ్ఱె, కారుచిచ్చు అంటే అడవిని కాల్చే మంట. ఆ దారిన నడిస్తే కారల్లము 'అడవి అల్లం' అవుతుందని నా భావన. అల్లపు కుటుంబానికీ దీనికీ శాస్త్రరీత్యా ఏ సంబంధమూ లేదు. అయితే పల్లె నామకరణం కుటుంబవృక్షాలను చూసి జరగదు. నాలుకను, చేతిని, వంటింటిని చూసి జరుగుతుంది. పచ్చిగా నమలడానికి, పచ్చడికి, ఊరగాయకు పనికివచ్చే మొక్కకు అల్లంతో వియ్యం కలపడంలో వింత లేదు.

మరొక విషయం. రాక్స్‌బర్గ్ చివరి 'ము' వ్రాయలేదు. 'కారల్లం' అని వ్రాసినాడు. గ్రంథంలో చదివినవాడు 'ము' వ్రాస్తాడు. నోట విన్నవాడు సున్న వ్రాస్తాడు. ఈ మాట ఏ నిఘంటువులోనుండో ఎత్తినది కాదనీ, ఒక మనిషి నోటినుండి ఒక దొర చెవికి నేరుగా చేరినదనీ ఆ సున్నయే సాక్ష్యం చెబుతున్నట్లు నాకు తోస్తుంది.

తరువాత ఘట్టం లండనులో. 1801లో ఆస్ట్రేలియా తీరాలకు బయలుదేరిన నౌకలో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా వెళ్ళి, 1805లో వేల మొక్కలతో తిరిగివచ్చిన రాబర్ట్ బ్రౌన్ అనే మహానుభావుడు ఉన్నాడు. నీటిలో సూక్ష్మరేణువుల చలనానికి బ్రౌన్ పేరు వచ్చినది ఈయన వలననే. కణకేంద్రకానికి ఆంగ్లంలో ఆ పేరు పెట్టినదీ ఈయనే. 1809లో ఆయన ఎడింబరోలోని వెర్నేరియన్ ప్రకృతిశాస్త్ర సంఘానికి ఒక వ్యాసం సమర్పించినాడు. 1810లో అది అచ్చులో వచ్చినది. అందులో జిల్లేడు తెగను గన్నేరు తెగనుండి విడదీసి వేరు కుటుంబంగా నిలిపినాడు. ఆ పని చేస్తూ, పువ్వు నడిమి అమరికను సూక్ష్మంగా పరిశీలించి, రాక్స్‌బర్గ్ మొక్క స్టపీలియాలో ఇమడదని తేల్చి, దానికొక కొత్త ప్రజాతి కల్పించినాడు. కొత్త ప్రజాతికి కొత్త పేరు కావాలి.

ఆ కాలపు ఆచారం ఏమిటో చూడండి. ప్రజాతి పేరు గ్రీకు లాటిను మూలాలనుండి రావాలి, లేదా ఒక పండితుని, ప్రభువుని గౌరవించేదిగా ఉండాలి. ఇతర భాషల మాటలను లిన్నేయస్ 'అనాగరిక నామాలు' అనే గంపలో వేసి, 1737 నాటి తన గ్రంథంలో వాటిని త్రోసిపుచ్చినాడు. ఆయన తరువాత వచ్చినవారందరూ ఆ నియమాన్ని పాటించలేదనుకోండి. బ్రౌన్ కూడా పాటించలేదు. గ్రీకు నిఘంటువు తెరవక, రాక్స్‌బర్గ్ పుటలో ఉన్న తెలుగు మాటనే తీసుకుని, దాని చివర లాటిను స్త్రీలింగపు అకారం తగిలించినాడు. కారల్లం కాస్తా 'కారలుమా' అయినది. మొక్క 'కారలుమా అడ్‌సెండెన్స్' అయినది. ఇప్పుడు ఇంటిపేరు తెలుగు!

తెలుగువాడికి 'బ్రౌన్' అనగానే గుర్తుకు వచ్చేది చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయనకూ ఈ బ్రౌనుకూ సంబంధం లేదు. కాని ఒక తారీఖు చూడండి. సి.పి. బ్రౌన్ మద్రాసులో అడుగుపెట్టినది 1817లో. అంటే మన పద్యాలను ఉద్ధరించిన బ్రౌన్ మద్రాసుకు రాకముందే, తెలుగు రాని మరొక బ్రౌన్ ఒక తెలుగు మాటను లోకం నాలుక మీద నిలిపి ఉన్నాడు.

ఆ తరువాత మాట ప్రయాణం మొదలైనది. ఆఫ్రికాలో, అరేబియాలో, మధ్యధరా తీరంలో ఇటువంటి పలకల కాండపు మొక్కలు దొరికినకొద్దీ వాటిని కారలుమా పేరున చేర్చసాగినారు. ఇటలీకి చెందిన లాంపెడూసా అనే చిన్న దీవిలో దొరికిన మొక్కకు 'కారలుమా యూరోపేయా' అని పేరు వచ్చినది. ఆ పేరు కూర్చినవాడు క్యూ తోటకు చెందిన ఎన్.ఇ. బ్రౌన్. ఈయన మూడవ బ్రౌన్! ఆయనే అట్లాంటిక్ సముద్రంలోని కెనరీ దీవుల మొక్కకు 'కారలుమా బుర్కార్డియై' అన్నాడు. సామర్లకోట నుండి కెనరీ దీవులకు ఎంత దూరం! జీవితంలో గోదావరి దాటి ఎరుగని ఒక మనిషి పలికిన మాట అక్కడి రాళ్ళమీద మొలిచినది. ఒకానొక దశలో ఈ ప్రజాతిలో చేరిన జాతులు నూటికి పైబడినవి.

ఇంత పెద్ద ఉమ్మడి కుటుంబం ఎంతకాలం నిలుస్తుంది? వేరుకాపురాలు మొదలైనవి. 1990లో మైకేల్ గిల్బర్ట్, 1995లో డారెల్ ప్లోస్ ఈ ప్రజాతిని సమీక్షించి అనేక భాగాలుగా విడగొట్టినారు. లాంపెడూసా మొక్కను ఇప్పుడు చాలామంది 'ఆప్టెరాంథెస్' అంటున్నారు. పంపకాలు ఎట్లా జరిగినా ఒక న్యాయం మాత్రం మారదు. ఏ మొక్కను చూసి ప్రజాతి పేరు పుట్టినదో, పేరు ఆ మొక్కనే అంటిపెట్టుకుని ఉండాలి. మిగిలినవారు ఇల్లు విడిచిపోయినా మన కుందేటి కొమ్ము ఇంట్లోనే ఉన్నది. ఇంటిపేరు దానికే దక్కినది.

కాని 2017లో మరొక ప్రమాదం వచ్చినది. దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞుడు పీటర్ బ్రూయిన్స్, ఆయన సహచరులు జన్యుపరీక్షల ఆధారంగా, ఈ స్టపీలియా వర్గమంతా నిజానికి 'సెరోపీజియా' అనే ప్రజాతిలోని ఒక శాఖ మాత్రమేనని, కనుక అన్నిటినీ అందులో కలిపివేయాలని ప్రతిపాదించినారు. కలిపితే పాత పేరే చెల్లుతుంది. సెరోపీజియా 1753 నాటి లిన్నేయస్ పేరు. కారలుమా 1810 నాటిది. అంటే ఆ ప్రతిపాదన ప్రకారం మన మాట అంతరిస్తుంది, దాని చోట గ్రీకు మాట నిలుస్తుంది. అందరూ దీనికి ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్లు ఇరుపక్షాలవారూ వాదించుకుంటున్నారు. ఆ వాదం కాళ్ళ గురించి. మన ఆరాటం కొమ్ముల గురించి.

పేరుకు కలిగే మరణం ఎటువంటిదో చెప్పడానికి మరొక ఉదాహరణ ఉన్నది. రాక్స్‌బర్గ్ తరువాతి తరంలో రాబర్ట్ వైట్ అనే మరొక స్కాట్లండు వైద్యుడు మద్రాసు ప్రాంతంలో పనిచేసినాడు. ఆయన దగ్గర రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారులు ఉండేవారు. పటాల మీద వారి పేర్లు అచ్చయినవి. అంతటితో ఆగక వైట్ ఒక ఆర్కిడ్ మొక్కకు గోవిందు పేరు మీద 'గోవిందూయియా' అని ప్రజాతినామం పెట్టినాడు. ఎంతటి సంస్కారం! కాని ఆ మొక్కకు చెందిన ప్రజాతిని అంతకుముందే లిండ్లీ 'ట్రోపిడియా' పేరుతో వర్ణించి ఉన్నాడు. గోవిందు పేరు పర్యాయపదాల జాబితాలో కలిసిపోయినది. కారల్లానికి కూడా ఆ గతి పట్టవచ్చు, పట్టకపోవచ్చు. సోమిద చెట్టు పేరు మీదుగా 1830లో ఏర్పడిన 'సోయ్‌మిడా' మాత్రం ఇప్పటికీ ఒంటరిగా తెలుగు జెండా పట్టుకుని నిలబడి ఉన్నది.

ఇంతవరకు మాట కథ. మాట వెనుక ఒక ఆకలి కథ కూడా ఉన్నది. అది చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది.

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్న కాలంలోనే వానలు వరుసగా తప్పినవి. 1791–92లో ఉత్తర సర్కారులను, దక్కనును ఊపివేసిన ఆ క్షామాన్ని చరిత్రలో 'డోజీబారా' అన్నారు. పుఱ్ఱెల కరవు అని అర్థం. పాతిపెట్టే దిక్కు లేక ఎముకలు బయట పడి ఉండటం వలన ఆ పేరు వచ్చినది. ఆ విపత్తును కంటితో చూసిన రాక్స్‌బర్గ్, కరవును తట్టుకునే ఆహారవృక్షాలను విరివిగా నాటించాలని కుంపిణీకి సూచించినాడు. పంట లేని ఏట పల్లెజనం ఆశ్రయించేది ఇటువంటి గుట్టమీది మొక్కలనే. కుందేటి కొమ్ముల వర్గంలోని మొక్కలను మన దేశంలో కూరగానూ, కరవునాటి తిండిగానూ పరిగణించినారు. నీరు లేనిచోట నీటిని దాచుకునే కాండం, అన్నం లేనినాడు ఆకలిని కాస్త మరపించే కాండం. ఒక మొక్కకు జనం రెండు మూడు పేర్లు పెట్టుకున్నారంటే దానితో వారికి అంత అవసరం పడినదన్నమాట.

ఇక కాలచక్రపు విడ్డూరం చూడండి. ఇరవై ఒకటవ శతాబ్దిలో ఈ మొక్కసారం గుళికలుగా మారి, 'కారలుమా' అన్న పేరు అచ్చొత్తుకుని, విదేశీ అంగళ్ళకు ఎక్కినది. ఎందుకు? బరువు తగ్గడానికి! ఆకలి చంపుతుందట. 2007లో అచ్చయిన బెంగుళూరు పరిశోధన ఒకటి ఉన్నది. 50 మందిని తీసుకుని, 60 రోజులపాటు కొందరికి రోజుకొక గ్రాము కారలుమా సారం, మిగిలినవారికి ఉత్తుత్తి గుళిక ఇచ్చి చూసినారు. సారం తిన్నవారిలో నడుము చుట్టుకొలత, ఆకలి చెప్పుకోదగినంత తగ్గినవి గాని, శరీరపు బరువులో తేడా లెక్కకు నిలిచేంత రాలేదు. ఆ సన్నని ఆధారం మీదనే పెద్ద వ్యాపారం లేచినది. తిండిలేని పేదవాడు ఆకలిని ఓర్చుకోవడానికి నమిలిన కాండాన్ని, తిండి ఎక్కువైన ధనికుడు ఆకలి పుట్టకుండా మ్రింగుతున్నాడు.

ఇందులో ధనికుని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. స్థూలకాయం కూడా రోగమే. మన విశ్వవిద్యాలయాల పరిశోధకులు కూడా కుందేటి కొమ్ములకు మధుమేహంలో ఉపయోగమున్నదా అని ఎలుకల మీద పరీక్షించి 2003లోనే ప్రకటించినారు; దానికి మూలం మధుమేహానికి దీనిని పచ్చిగా తినే పల్లెవారి అలవాటే. అయితే మొక్కను పెంచి అమ్మడం వేరు, గుట్టమీద ఉన్నదానిని పెరికి మోయడం వేరు. చేమంతి తోటవలె ఏటేటా నాటేది కాదిది. రాతి సందున, పొద నీడన, తన తీరికలో పెరిగేది. గుట్టను క్వారీ తింటే, పొదను పొయ్యి తింటే, మిగిలినదానిని గోతాము తింటే, పేరు మాత్రం లాటినులో మిగులుతుంది.

పేరు పోవడమూ మొక్క పోవడమూ ఒకదానినొకటి పట్టుకుని నడుస్తాయి. పేరు తెలిసినవాడు మొక్కను తొక్కకుండా ప్రక్కకు జరుగుతాడు. పేరు తెలియనివానికి అది కలుపు. ముప్ఫై ఏండ్లకు పైగా మెట్టప్రాంతపు బడులలో తెలుగు చెప్పినవాడిని. 'కుందేటి కొమ్ములు' అనగలిగిన ముసలివారిని చాలామందిని చూసినాను. వారి మనుమలలో ఆ మాట తెలిసినవారు తక్కువ. ఇక 'కారల్లము' అని నోరార అన్నవారు నాకు ఒక్కరూ తటస్థపడలేదు. నోటిలో పుట్టిన మాట మన నోటినుండి జారి, పరాయివారి పుస్తకంలో ప్రాణం నిలుపుకున్నది.

చరిత్రలో రాక్స్‌బర్గ్ పేరున్నది. ముగ్గురు బ్రౌనుల పేర్లున్నవి. చిత్రం వ్రాసినవాని పేరు గ్రంథానికి ఎక్కలేదు. 'ఇదేమిటోయి' అని దొర అడిగినప్పుడు 'కారల్లం అయ్యా' అని జవాబు చెప్పిన ఆ మనిషి పేరూ ఎక్కలేదు. ఆయన తోటమాలియో, పసులకాపరియో, వైద్యుడో, ఎండుకట్టెలకు వెళ్ళిన అమ్మయో. ఆ మనిషి చెప్పిన ఒక్క మాట మాత్రం లిన్నేయస్ నియమాన్ని దాటి, మూడు ఖండాలు తిరిగి, నేటికీ శాస్త్రంలో చర్చకు నిలిచి ఉన్నది. శాస్త్రజ్ఞులు దానిని ఉంచుతారో తీసివేస్తారో వారి ఇష్టం. మనం ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

కాబట్టి మిత్రులకు ఒక విన్నపం. పల్లెలకు వెళ్ళినప్పుడు పెద్దవారిని ఈ మొక్క గురించి అడగండి. రాయలసీమలో ఏమంటారు, పలనాటిలో ఏమంటారు, పాలమూరులో ఏమంటారు, నల్లమల చెంచులు ఏమంటారు, ఎట్లా వండుకునేవారు. విన్నది విన్నట్లుగా, సున్నను సున్నగానే వ్రాయండి. చెప్పినవారు సమ్మతిస్తే వారి ఊరు పేరు కూడా చేర్చండి. రాక్స్‌బర్గ్ చేయని పని అది ఒక్కటే. కారల్లము అన్న మాట ఇంకా ఎవరి నోటనైనా బ్రతికి ఉన్నదని తెలిస్తే, వ్యాఖ్యలో ఒక్క ముక్క వ్రాయగలరు. కుందేటి కొమ్ము దొరికినంత సంతోషిస్తాను.